జీపు ఎత్తు పెంచుట – కమానులు, స్టీరింగు భాగముల ఎంపిక

వికారాబాదు జిల్లాలోని యాలాల్, తాండూరు, బషీరాబాదు ప్రాంతములలో నల్లరేగడి భూములు విస్తారముగా గలవు. కంది ఇచ్చటి ముఖ్యమైన పైరు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. పంటకు పేరు వచ్చినను, చేను నుండి పక్కా రోడ్డు వరకు గల బాట మాత్రము రైతుకు ఏటేటా కష్టము కలిగించుచునే యున్నది. వానకాలమున ట్రాక్టరు చక్రములు రేగడిలో లోతైన గాడులు చేయును. వానలు వెనుకబడిన పిదప ఆ గాడులు ఇటుక వలె గట్టిపడును. డిసెంబరు, జనవరి నెలలలో కంది సంచులు వేసికొని ఆ గాడులలో జీపు నడుపునప్పుడు అడుగుభాగము నేలకు రాచుకొనును.

ఇట్టి సమయమున రైతుకు "బండిని రెండంగుళములు పైకి లేపించిన బాగుండును" అను ఆలోచన కలుగుట సహజము. పట్టణములలో ఈ పని చేయువారు ఉన్నారు. భాగములును దొరకును. కాని బండిని పైకి లేపుట మంచము కోళ్ళకు ఇటుకలు పెట్టుట వంటిది కాదు. కమాను మారిన వెంటనే స్టీరింగు, బ్రేకు, షాక్ అబ్జార్బరు, ప్రొపెల్లర్ షాఫ్టు అన్నియు తమ తమ స్థానముల నుండి కదలును. వీనిని సరిచేయక కమాను ఒక్కటే మార్చిన బండి చేనులో బాగుగనే నడచి, తాండూరు రోడ్డు మీద ప్రాణాపాయము తెచ్చును. కావున భాగములు కొనుటకు ముందు రైతు సోదరులు తెలిసికొనవలసిన విషయములు ఈ పాఠములో వివరింపబడినవి.

1. నేలకు తగులుచున్నది ఏది?

మొదట బండిని సమతలమైన బండల మీద నిలిపి, కింద చూచి, ఏ భాగమునకు గీతలు, దెబ్బలు ఉన్నవో గుర్తింపవలెను. దీనిని బట్టియే మందు నిర్ణయింపవలెను.

పాత మహీంద్రా జీపులలోను, 1985లో వచ్చిన మారుతి జిప్సీలోను ముందు, వెనుక కూడ ఒకే కడ్డీగా ఉన్న ఇరుసులు, వాటికి కమాను పట్టీలు ఉండును. ఇట్టి బండ్లలో అన్నిటికంటె నేలకు దగ్గరగా నుండునది ఇరుసు నడుమ ఉబ్బుగా కనిపించు డిఫరెన్షియల్. ఇరుసు చక్రములకు బిగింపబడి యున్నది గాని కమానుల నుండి వ్రేలాడుట లేదు. అందువలన ఎంత ఎత్తు కమాను వేసినను డిఫరెన్షియల్ ఒక నూలు కూడ పైకి లేవదు. లేచునది ఛాసిస్, దాని మీద నున్న బాడీ మాత్రమే. ఈ సంగతి తెలియక ధనము వ్యయపరచువారు పెక్కుమంది.

డిఫరెన్షియల్‌ను పైకి లేపగలిగినది టైరు ఒక్కటే. అదియు సగము మాత్రమే: టైరు మొత్తము ఎత్తు 2 అంగుళములు పెరిగిన, ఇరుసు 1 అంగుళము లేచును. కావున గాడుల నడిమి గట్టు డిఫరెన్షియల్‌కు తగులుచున్నచో కమాను మార్చి ప్రయోజనము లేదు. ఒక చక్రమును నడిమి గట్టు మీదను, రెండవ దానిని గాడి వెలుపలను నడుపుట, లేదా ఆ గట్టును ఒక పూట పారతో చెక్కించుట ఇంతకంటె చౌక, మేలు.

తగులుచున్నది ఛాసిస్, సైలెన్సరు గొట్టము, ఫుట్‌బోర్డు, లేదా వాగు ఒడ్డు ఎక్కునప్పుడు ముందు బంపరు అయినచో కమాను ఎత్తు వలన మేలు కలుగును.

బండి తగులుట లేదు, తడి రేగడిలో దిగబడుచున్నది అనునచో అది ఎత్తు లోపము కాదు, పట్టు లోపము. దానికి లోతైన గళ్ళ టైరు, తక్కువ బరువు, తక్కువ గాలి కావలెను. 30 పౌండ్ల గాలి పెట్టు టైరును బరువు లేనప్పుడు 20 పౌండ్లకు దించి, నడక వేగముతో బురద దాటవచ్చును. పక్కా రోడ్డు చేరగానే తిరిగి గాలి నింపవలెను.

2. పోయిన ఎత్తును ముందు రాబట్టుకొనుడు

ఏండ్ల తరబడి బరువు మోసిన కమాను వంపు తగ్గి చదునగును. బండి దిగినదని రైతు గ్రహింపక, అది మొదటి నుండియు పొట్టిదే అనుకొనును. చక్రము నడిమి నుండి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు నాలుగు మూలల టేపుతో కొలువవలెను. ఒకే ఇరుసున కుడి ఎడమలకు ఒక సెంటీమీటరు కంటె ఎక్కువ తేడా ఉన్నచో ఒక పక్క కమాను కుంగినదని అనుమానింపవలెను. పట్టీల వంపు, పగుళ్ళు, బుష్‌ల అరుగుదల కూడ చూడవలెను.

తయారీదారు నిర్ణయించిన కొలతల కమానునే కొత్తది వేయించినచో పోయిన ఎత్తు తిరిగి వచ్చును. స్టీరింగు కోణము కూడ దానంతట అదే యథాస్థానమునకు చేరును. చట్టపు చిక్కు ఉండదు. పాత జీపుల విషయములో పలుమారు ఇంతటితోనే అవసరము తీరును.

పాత పట్టీలను కొలిమిలో కాల్చి వంపు తెప్పించుట మంచిది కాదు. కమాను ఉక్కుకు తగిన వేడిలో కాచి, నూనెలో చల్లార్చి, మరల పదును పెట్టిననే బలము నిలుచును. ఆ ఏర్పాట్లు లేనిచోట కాల్చిన పట్టీ మెత్తబడి త్వరలోనే కుంగును, లేదా విరుగును.

3. చట్టము ఏమి చెప్పుచున్నది?

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ అంశమును స్పష్టపరచుచు తీర్పు ఇచ్చినది. అదే సంవత్సరము జరిగిన సవరణ ప్రకారము, అనుమతి లేని మార్పునకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. ప్రమాదము జరిగినప్పుడు బీమా కంపెనీ ఈ కారణము చూపి పరిహారమునకు అడ్డు చెప్పవచ్చును.

కావున ఎత్తు పెంచదలచినవారు రవాణా కార్యాలయమునను, బీమా కంపెనీ వద్దను ముందుగా విచారించి, జవాబును వ్రాతపూర్వకముగా పొందవలెను. అనుమతి దొరకనిచో ఆ ప్రయత్నము మానుకొనవలెను. ఈ దిగువ చెప్పబడినది అట్టి అనుమతి గల బండ్లకు, రోడ్డెక్కక సొంత భూమిలోనే తిరుగు బండ్లకు, ఇదివరకే ఎవరో ఎత్తు పెంచిన బండిని కొనదలచి పరీక్షించు రైతులకు ఉపయోగపడును.

4. కమానుల ఎంపిక

కమానుల బండికి ఎత్తు తెచ్చు మార్గములు నాలుగు కలవు.

(అ) ఎక్కువ వంపు గల పూర్తి కమాను కట్ట: ఇది అన్నిటిలో మేలైనది. ముందు, వెనుక జతలు ఒకే ఎత్తునకు చేసినవి కొనవలెను. బండి మీద ఎల్లప్పుడు ఉండు బరువు ఎంతో అమ్మువానికి చెప్పి కొనవలెను. ఖాళీగా తిరుగు బండికి పది సంచుల కమాను వేసినచో చక్రము నేలను విడిచి గంతులు వేయును; బ్రేకు పట్టు తగ్గును.

(ఆ) పట్టీ అదనముగా చేర్చుట: వెనుక బరువు మోయు బండికి కొంత నయము. ఎత్తు స్వల్పముగా పెరుగును, కాని కమాను బిరుసెక్కును. ముందు ఇరుసుకు ఇది తగదు.

(ఇ) పొడవైన షాకిల్ వేయుట: షాకిల్ 2 అంగుళములు పెంచిన, ఇరుసు వద్ద సుమారు 1 అంగుళమే లభించును. అంతేగాక ఇరుసు కొంచెము తిరిగిపోవును. షాకిల్ ముందు కొసన ఉన్న కమానుకు ఇట్లు చేసినచో, చక్రపు తిరుగుడు మేకు వెనుకకు వాలి యుండు కోణము, అనగా కాస్టరు, తగ్గును. అప్పుడు బండి తిన్నగా పోక అటు ఇటు ఈడ్చును. మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను తిరిగి రాదు. దీనిని సరిచేయుటకు కమానుకు, ఇరుసుకు నడుమ వెడ్జి అను ఏటవాలు ఇనుప ముక్కను పెట్టి కోణమును కొలిపించవలెను.

(ఈ) ఇరుసుకు, కమానుకు నడుమ దిమ్మ పెట్టుట: కమాను ఇరుసుకు పైన ఉన్న బండిలోనే ఇది ఎత్తునిచ్చును. కమాను కింద ఉన్నచో బండి మరింత దిగును. వెనుక ఇరుసుకు మాత్రమే, ఒక్క దిమ్మ మాత్రమే వాడవలెను. దిమ్మ మీద దిమ్మ పెట్టరాదు. ముందు ఇరుసుకు ఎన్నడును పెట్టరాదు. బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలిదిరుగ జూచును. దిమ్మ ఆ మెలికకు మీట వలె తోడ్పడి కమానును వంకర చేయును. కట్టె దిమ్మలు, వెల్డింగు చేసిన పెట్టెలు ప్రమాదకరములు.

ఏ మార్గము పట్టినను యూ బోల్టులు కొత్తవి, తగిన పొడవు గలవి వేయవలెను. బండి బరువు చక్రముల మీద ఉండగనే షాకిల్ బోల్టులు కడపటిగా బిగింపవలెను. సొంత పని కొరకు 2 అంగుళములకు (5 సెంటీమీటర్లకు) మించి పెంచుట రైతుకు అవసరము ఉండదు.

5. స్టీరింగు భాగములు – ముందు ఆలోచింపవలసినవి

కమాను ధర అడుగువారు పలువురు, స్టీరింగు సంగతి అడుగువారు కొందరే. అయినను అపాయమంతయు ఇచ్చటనే ఉన్నది.

స్టీరింగు బాక్సు ఛాసిస్‌కు బిగింపబడి యున్నది. చక్రములు ఇరుసు మీద ఉన్నవి. ఈ రెంటిని కలుపు కడ్డీ డ్రాగ్ లింకు. కొన్ని బండ్లలో ఇది అడ్డముగాను, కొన్నింటిలో ముందు వెనుకలుగాను ఉండును. ఛాసిస్ పైకి పోయిన కొలది ఈ కడ్డీ వాలు పెరుగును. ఏతపు మానును తలచుకొనుడు. మాను సమతలముగా ఉన్నప్పుడు దాని కొస ఇంచుమించు నిలువుగనే లేచి దిగును. మాను బాగుగా వాలిన తరువాత కొస దిగుచున్నకొలది స్తంభము వైపునకు జరుగును. డ్రాగ్ లింకు కొస కూడ అట్లే జరుగుచు చక్రమును లాగును. డ్రైవరు స్టీరింగు కదపకున్నను గుంతలో పడిన చక్రము తనంతట తిరుగును.

లెక్క సులభముగా నుండుటకు 75 సెంటీమీటర్ల పొడవు గల, మొదట సమతలముగా ఉన్న డ్రాగ్ లింకును తీసికొందము. చక్రము 5 సెంటీమీటర్లు గుంతలోనికి దిగినదనుకొనుడు.

మార్పు చేయని బండిలో కడ్డీ కొస పక్కకు జరుగునది సుమారు 1.7 మిల్లీమీటర్లు.
5 సెంటీమీటర్లు లేపిన బండిలో సుమారు 5 మిల్లీమీటర్లు.
10 సెంటీమీటర్లు లేపిన బండిలో సుమారు 8.5 మిల్లీమీటర్లు.

అనగా 5 సెంటీమీటర్ల ఎత్తుకే చక్రము లాగుడు మూడు రెట్లు, 10 సెంటీమీటర్లకు ఐదు రెట్లు అగుచున్నది. బండల లారీలు తిరిగి గుంతలు పడిన తాండూరు రోడ్డులో, ఎదుట లారీ వచ్చుచుండగా ఈ లాగుడు ఎట్టిదో ఊహించుకొనవచ్చును.

దీనికి విరుగుడు డ్రాగ్ లింకును తిరిగి మొదటి వాలుకు తెచ్చుట. బాక్సు నుండి కిందికి వ్రేలాడు పిట్‌మన్ ఆర్మ్‌ను, పెంచిన ఎత్తుకు తగినట్లు దిగుడు గల దానితో మార్చవలెను. ఎంపికలో ఈ నియమములు పాటింపవలెను:

పిట్‌మన్ ఆర్మ్ ఆ బండి కొరకే ఫోర్జింగు పద్ధతిలో చేసినదై, లోపలి పండ్లు బాక్సు షాఫ్టుకు సరిగా కూర్చొనునదై ఉండవలెను.

పాత ఆర్మ్‌ను కాల్చి వంచుట, డ్రాగ్ లింకును గాని టై రాడ్‌ను గాని కోసి అతికించుట ఎంతటి మేస్త్రీ చేసినను అంగీకరింపరాదు. ఆ అతుకు విరిగిన దినమున స్టీరింగు చేతిలో ఊరక తిరుగును.

బాల్ జాయింటులలో వదులు ఉన్నచో ఎత్తు పెంచుటకు ముందే మార్చవలెను. ఎత్తు పెంచిన తరువాత అవి ఒక పక్కకు వాలి పని చేయును. చక్రము పూర్తిగా వ్రేలాడినప్పుడు జాయింటు మెడ గిన్నె అంచుకు ఒరసికొనరాదు.

ప్రతి క్యాజిల్ నట్టుకు కొత్త స్ప్లిట్ పిన్ను వేయవలెను. తీగ ముక్కలు, మేకులు వాడరాదు.

స్టీరింగు ఊగుచున్నదని స్టీరింగు డ్యాంపర్ వేసి ఊరకుండుట నొప్పికి మత్తుమందు ఇచ్చుట వంటిది. మొదట కాస్టరు, బుష్‌లు, జాయింటులు సరిచేయవలెను.

6. కాయిల్ స్ప్రింగుల బండ్లు

2023లో మన దేశమున విడుదలైన జిమ్నీ వంటి బండ్లలో గట్టి ఇరుసులకే కాయిల్ స్ప్రింగులు కలవు. ఇరుసు పక్కకు జరుగకుండ పాన్‌హార్డ్ రాడ్ అను అడ్డకడ్డీ పట్టుకొని యుండును. బండిని లేపినచో ఈ కడ్డీ ఇరుసును ఒక పక్కకు లాగును. అందుచేత పొడవు సర్దుకొనగల పాన్‌హార్డ్ రాడ్ కావలెను. ముందు ఇరుసున ఈ కడ్డీ, డ్రాగ్ లింకు ఒకే వాలులో ఉండవలెను. ఒకదానిని దించి రెండవ దానిని విడిచినచో గుంతలలో స్టీరింగు లాగును.

బొలేరోలోను, 2010లో వచ్చిన థార్‌లోను ముందు చక్రములు విడివిడిగా కదలును. వెనుక కమానులు కలవు. 2020 నాటి థార్‌లో వెనుక కూడ కాయిల్ స్ప్రింగులే. ముందు చక్రములు విడిగా నున్న బండ్లలో ఎత్తు పెంచిన కొలది కింది ఆర్మ్‌లు, బాల్ జాయింటులు, టై రాడ్ కొసలు, నాలుగు చక్రములకు బలమిచ్చు బండ్లలో ముందు షాఫ్టుల రబ్బరు తొడుగులు కూడ వాలుగా పని చేసి త్వరగా అరుగును. పాత థార్‌లో టార్షన్ బారు బోల్టును తిప్పి ముందుభాగము లేపువారు కలరు. దీని వలన చక్రము కిందికి వ్రేలాడు దూరము తగ్గును గాని కొత్త బలము రాదు. ఇట్టి బండ్లలో ఒక అంగుళమునకు మించి ఆశింపక, వెంటనే చక్రముల అలైన్‌మెంటు చేయించవలెను.

7. తోడుగా మార్చవలసినవి

షాక్ అబ్జార్బర్లు: ఛాసిస్‌ను జాకీలతో లేపి, కింద బలమైన స్టాండ్లు పెట్టి, చక్రములు వ్రేలాడునట్లు చేసి, పై బోల్టు నుండి కింది బోల్టు వరకు కొలువవలెను. కొత్త షాక్ పూర్తిగా సాగిన పొడవు దీనికంటె 2, 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉండవలెను. ఇరుసు రబ్బరు దిమ్మకు తగిలినప్పటి దూరము కంటె షాక్ ముడిచిన పొడవు అంతే తక్కువ ఉండవలెను. లేనిచో షాక్ మొదలంట ఊడును.

బ్రేకు గొట్టములు: చక్రము వ్రేలాడునప్పుడు, స్టీరింగు రెండు వైపుల పూర్తిగా తిప్పినప్పుడు కూడ గొట్టము బిగుసుకొనరాదు, టైరుకు రాచుకొనరాదు. బరువును బట్టి వెనుక బ్రేకును సర్దు కవాటము ఉన్న బండ్లలో, లేపిన తరువాత ఆ కవాటము బండి ఖాళీగా ఉన్నదని భ్రమపడి వెనుక బ్రేకు తగ్గించును. దానిని తిరిగి సర్దించవలెను.

ప్రొపెల్లర్ షాఫ్టు: జారుడు భాగము లోపల చాలినంత మిగిలి యున్నదో లేదో చూడవలెను. వాలు ఎక్కువైన క్రాస్ వణకి త్వరగా పోవును.

టైరు: టైరు మొత్తము ఎత్తు 10 శాతము పెరిగినచో ముల్లు 50 కిలోమీటర్లు చూపునప్పుడు బండి 55 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. బ్రేకులకును అంత ఎక్కువ పని పడును.

8. తూగు సంగతి

జొన్నచొప్ప ఎత్తుగా కట్టిన ఎడ్లబండి గట్టు మీద ఎందుకు ఒరుగునో రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. జీపునకును అదే ధర్మము. చక్రముల నడుమ దూరములో సగమును బరువు కేంద్రపు ఎత్తుతో భాగించిన వచ్చునది దాని నిలుకడ. ఉదాహరణకు చక్రముల ఎడము 122 సెంటీమీటర్లు, బరువు కేంద్రము 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నచో నిలుకడ 0.94. బండిని 10 సెంటీమీటర్లు లేపిన అది 0.81కి దిగును. 100కు 13 పాళ్ళు నిలుకడ పోయినట్లే. దానిపై సంచులు, సంచులపై కూలీలు కూర్చున్నచో మిగిలినదియు పోవును. కావున లేపిన బండిలో బరువు ఫ్లోరు మీదనే సర్దవలెను. సంచుల మీద మనుషులను ఎక్కించుట ఏ బండిలోను కూడదు. మలుపులలో వేగము మునుపటికంటె తగ్గింపవలెను.

9. పని ముగిసిన తరువాత

టో-ఇన్, కాస్టరు కొలిపించి చీటీ తీసికొనవలెను. హెడ్‌లైట్లు పైకి చూచుచున్నచో ఎదుటివారి కన్నులు చెదరకుండ కిందికి దింపించవలెను. ఖాళీ మైదానమున తక్కువ వేగముతో బ్రేకు వేసి, ఒక పక్కకు లాగుచున్నదా అని చూడవలెను. 100 కిలోమీటర్లు తిరిగిన పిమ్మట యూ బోల్టులు, స్టీరింగు నట్లు, చక్రపు నట్లు తిరిగి బిగింపవలెను. ఆ తరువాత ప్రతి కంది కోతకు ముందు ఒకసారి చూచుట అలవాటు చేసికొనవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. కమాను ఇరుసును లేపదు, ఛాసిస్‌నే లేపును. తగులుచున్నదేదో ముందు చూడుడు.
2. కుంగిన కమానుకు బదులు తయారీదారు కొలతల కొత్త కమాను వేయించుట మొదటి మందు.
3. అనుమతి, బీమా సంగతి తేలక భాగములు కొనరాదు.
4. 2 అంగుళములకు మించరాదు.
5. కమానుకు డబ్బు ఉండి స్టీరింగు భాగములకు లేనిచో, రెండును సమకూరువరకు ఆగవలెను.
6. ముందు ఇరుసుకు దిమ్మలు, స్టీరింగు కడ్డీకి వెల్డింగు ఎన్నడును పనికిరావు.

చేనిలో బండి ఆగిపోయిన ఒక పూట పని చెడును. రోడ్డు మీద స్టీరింగు విఫలమైన ఇంటికి పెద్దదిక్కు పోవును. ఈ రెంటి తారతమ్యము గమనించి, ఎంత ఎత్తు అవసరమో అంతే, అదియు అన్ని భాగములు కలిపి ఒకేసారి చేయించుకొనుట రైతు సోదరులకు శ్రేయస్కరము.